చింతగింజల ఊరు

మా పీఈటీ మేడం ఇక లేరన్న కబురు నాకు కోదాడలో, బడి ప్రార్థన గంటకు కాస్త ముందు తెలిసింది. సూర్యాపేట నుంచి సరిత ఫోన్ చేసింది. సరితా నేనూ తొమ్మిదో తరగతి నుంచి స్నేహితులం. అది ఎప్పుడు ఫోన్ చేసినా ముందు నన్నొక తిట్టు తిట్టి, తర్వాతే సంగతి చెబుతుంది. ఆ రోజు తిట్టలేదు. "మేడం పోయిందే," అంది. "నిద్రలనే పోయిందట. మిర్యాలగూడ నుంచి వాళ్ల చెల్లె చెప్పింది," అంది. నేను ఎప్పుడనో ఎట్లాగనో అడగాల్సింది. నా నోటి నుంచి వచ్చింది మాత్రం, "మరి ఊరిని ఎవరు పండవెడతరే ఇగ?" అన్న మాట. అవతల సరిత ఏడుస్తూ ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

ఆ మాటకు నవ్వెందుకు వచ్చిందో మీకు తెలియాలంటే ఆ ఆట సంగతి చెప్పాలి. మీలో చాలామంది ఏదో ఒక పేరుతో ఆడే ఉంటారు. ఒక ఊరు. ఆ ఊళ్లో ఎవరికీ తెలియకుండా నలుగురైదుగురు దొంగలు. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు దొంగలు మాత్రం కళ్లు తెరిచి ఒకరిని ఎంచుకుంటారు. తెల్లారిందనగానే ఆ ఒకరు ఆటలోంచి పోతారు. మిగిలినవాళ్లు మాటలు కలిపి, మొహాలు చూసి, దొంగ ఎవరో కనిపెట్టి చేతులెత్తి బయటికి పంపాలి. ఊరు గెలవాలి, లేదా దొంగలు గెలవాలి. అంతే ఆట. పది మందితో ఎవరైనా ఆడిస్తారు. మా మేడం తొంభై మందితో ఆడించేవారు. అదీ ఆడపిల్లలతో, అదీ వాన పడుతున్న మధ్యాహ్నం, అదీ ఈల ఊదకుండా.

ఆమె సూర్యాపేటలో మా బడికి పీఈటీ. నేత చీర కింద తెల్ల కాన్వాస్ బూట్లు వేసుకునేవారు. మెడలో నల్లతాడుకు ఈల. మోకాళ్లకు ఎప్పుడూ నొప్పుల మందు రాసుకునేవారు కాబట్టి ఆమె రాకను ఆమె కన్నా ముందు ఆ వాసనే చెప్పేది. వాన పడితే గ్రౌండు బురదయ్యేది. అప్పుడు మూడు సెక్షన్ల పిల్లల్నీ వసారాలోకి తోలి, బూట్లు విప్పి గోడకు పెట్టి, వట్టి కాళ్లతో నిలబడేవారు. బూట్లు విప్పారంటే ఊరాట అని మాకు అర్థం. అడుగుల చప్పుడు వినిపిస్తే ఆమె ఎటు పోతున్నారో తెలిసిపోతుంది, ఎటు పోతున్నారో తెలిస్తే దొంగ ఎవరో తెలిసిపోతుంది. అందుకని బూట్లు విప్పడం. మాట్లాడేటప్పుడు కూడా ఎవరి వైపూ చూడకుండా పైన దూలాన్ని చూసి మాట్లాడేవారు. "నా కండ్లు సూసి దొంగను వట్టే గడుసుదాన్లున్నరే మీల," అనేవారు.

నేను ఆ బడిలో చేరింది తొమ్మిదో తరగతి సగంలో. మాది దామరచర్ల పక్కన పల్లె. మా నాయినకు సూర్యాపేట మార్కెట్ యార్డులో బస్తాలు మోసే పని దొరికితే, మూటాముల్లె సర్దుకుని వచ్చి ఒంటిగది అర్ర ఒకటి కిరాయికి తీసుకున్నాం. బడిలో నాకు ఎవరూ తెలియదు. నేనే నోరు విప్పేదాన్ని కాదు. చేరిన వారానికే వాన, వసారా, ఊరాట.

అప్పట్లో మేడం చీటీలతో ఆడించేవారు. ఒక డబ్బాలో మడిచిన చీటీలు, తలా ఒకటి. నా చీటీ విప్పి చూస్తే 'దొంగ' అని ఉంది. నా గుండె సంతోషంతో ఎగిరింది. ఎందుకంటే దొంగ అంటే ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు. మా ఊళ్లో దాగుడుమూతలు ఆడితే, పంటలు వేసి చివరికి మిగిలినదాన్ని ఏమంటాం? దొంగ అంటాం. దొంగ ఏం చేస్తుంది? గోడకు మొహం పెట్టి లెక్కపెడుతుంది. మీరు ఆడిన ఊళ్లోనూ అంతే కదా?

అందరూ కళ్లు మూసుకున్నారు. మేడం దూలాన్ని చూస్తూ అన్నారు. "ఊరు పండుకున్నది. దొంగలు లేవాలె."

లేవమన్నారు కదా. లేచాను. తొంభై మంది మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్లి, గోడకు మోచెయ్యి ఆనించి, అందులో మొహం దాచుకుని, మా ఊళ్లో అరిచినంత గట్టిగా మొదలుపెట్టాను. "ఒకటీ... రెండూ... మూడూ..."

ఏడు దాకా వచ్చేసరికి వెనక ఏదో వర్షం కన్నా పెద్ద చప్పుడు. తిరిగి చూస్తే తొంభై మందీ పొట్టలు పట్టుకుని దొర్లుతున్నారు. మేడం ఒక చేత్తో స్తంభం పట్టుకుని, ఇంకో చేత్తో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. నాకు అర్థం కాలేదు. అందరూ నవ్వుతున్నారు కదా అని నేనూ కొంచెం నవ్వాను.

ఇప్పుడు నేను ఆ సంగతి చెబితే మా ఇంట్లో పిల్లలు మళ్లీ మళ్లీ చెప్పించుకుని నవ్వుతారు. అప్పుడు మాత్రం మర్నాటికే నా పేరు పోయి 'దొంగ' వచ్చింది. నీళ్ల నల్లా దగ్గరికి వెళితే, "దొంగొచ్చిందే, బాటిళ్లు దాసుకోండ్రి" అనేవాళ్లు. హాజరు పిలుస్తుంటే నా నంబరు దగ్గర ఎవరో ఒకరు "దొంగ ప్రెజెంట్ సార్" అనేవాళ్లు. తమాషాకే. నేనూ తమాషాగానే తీసుకున్నాను, ఒక ఇరవై రోజులు. ఆ తర్వాత సరిత కంపాస్ పెట్టె పోయింది.

కొత్తది, వాళ్ల మామ హైదరాబాద్ నుంచి తెచ్చింది. సరిత నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఆ మాట దానికి న్యాయంగా చెప్పాలి. అనాల్సిన అవసరమే లేకపోయింది. తరగతిలో అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు, అంతే. ఎవరో నా సంచి తీసి బెంచీ మీద బోర్లించారు. నా పుస్తకాలు, అమ్మ కట్టిన సద్దిగిన్నె, విరిగిన స్కేలు. పెట్టె లేదు. లేదని తెలిశాక కూడా ఎవరూ నా పక్కన కూర్చోలేదు. నిన్నటిదాకా నవ్వుతూ పిలిచిన పేరు ఆ రోజు నవ్వకుండా పిలిచారు. పిలుపు మారితే అదే మాట ఎంత బరువవుతుందో నాకు పద్నాలుగేళ్లకే తెలిసింది.

నేను మూడు రోజులు బడికి పోలేదు. కడుపునొప్పి అన్నాను. మా అమ్మ నమ్మలేదు, మెల్లగా అసలు సంగతి రాబట్టింది. మా నాయిన విని ఏమీ అరవలేదు. నా పక్కన కూర్చుని, "మనకెందుకు బిడ్డా గీ బడి. దామరచర్లకే పోదాం. గాడ ఎవ్వలు ఏమనరు," అన్నాడు. ఊరికి పోవడమంటే నా చదువు అక్కడితో ఖతం. ఆ మాట మా ముగ్గురికీ తెలుసు.

నాలుగో రోజు పొద్దున మా అర్ర ముందు మోపెడ్ ఆగింది. ముందు నొప్పుల మందు వాసన, తర్వాత మేడం.

మా అమ్మ అప్పుడు చింతపండు కొడుతోంది. సేటు ఇంటి నుంచి బస్తాల లెక్కన తెచ్చుకుని, గింజలు తీసి ఇచ్చే పని. గచ్చు మీద గింజలు కుప్పగా పడి ఉన్నాయి. "కూసోండ్రి మేడం" అని అమ్మ పీట వేయబోతే, ఆమె వద్దని ఆ గింజల పక్కనే కింద కూర్చున్నారు. మోకాళ్లు పట్టుకుని, అబ్బా అనుకుంటూ కూర్చోవడం నాకింకా గుర్తుంది.

మా నాయిన వైపు చూసి అన్నారు. "తప్పు నాదయ్యా. ఆ పేరు వెట్టింది పిల్లలు గాదు, నేను. నా చీటీ మీద నా చేత్తోని రాసిన మాట అది. లేవమన్నది నేనే, లేస్తే నవ్విందీ నేనే." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు ఏడు కాడ ఆగినవ్. నేను నవ్వకపోతే వాళ్లు గంత నవ్వకపోదురు," అన్నారు.

టీచర్లు తప్పు నాది అనడం నేను అంతకు ముందు వినలేదు. మా నాయిన కూడా వినలేదనుకుంటాను. "గట్లంటరేంది మేడం" అని లేచి నిలబడ్డాడు.

ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ కుప్పలోంచి ఒక చింతగింజ తీసుకుని గచ్చుకేసి గీస్తున్నారు. అష్టాచెమ్మా ఆడేవాళ్లు గీస్తారే, అట్లా. ఒక పక్క తెల్లగా వచ్చేదాకా గీసి అరచేతిలో పెట్టుకుని చూశారు. వేలితో తడిమి చూశారు. "దీని మీద పేరేం లేదు గదా," అన్నారు, మాతో కాదు, తనతో తానే. ఆ తర్వాత ఆ గది నవ్వులతో నిండిపోయింది. మేడం, అమ్మ, నేను, చివరికి బస్తాలకు పోవాల్సిన మా నాయిన కూడా, నలుగురమూ గచ్చు మీద కూర్చుని గింజలు గీశాం. తొంభై గింజలు లెక్కపెట్టి, అందులో ఆరు మాత్రం తెల్లగా గీశాం. "మా నాయిన గీసింది సక్కగ లేదు" అని మేడం ఒకటి వెనక్కి ఇచ్చి మళ్లీ గీయించారు. ఆయన్ను ఆమె 'మా నాయిన' అనడమేమిటంటారా, అది ఆమె పలకరింపు. ఎదుటివాళ్లు ఎంతటివారైనా ముద్దొస్తే 'మా నాయిన' అనేసేవారు.

మర్నాడు నేను బడికి పోయాను. ఆ రోజు వాన లేదు, అయినా మేడం బూట్లు విప్పారు. ఆట మొదలుకాక ముందే అందరినీ కూర్చోబెట్టి, "సరిత పెట్టె ఎవరు తీసిండ్రు?" అని అడిగారు. అందరి కళ్లూ నా మీద.

"ఎవరన్న సూసిండ్రా?"

ఎవరూ చెయ్యెత్తలేదు.

"సూడలే. మరి ఎవరని అనుకుంటున్నరు? ఎందుకంటే అని మొదలువెట్టి చెప్పాలె."

వెనక వరస నుంచి ఒక పిల్ల లేచి ధైర్యంగా అంది. "ఎందుకంటే అది దొంగ గద మేడం."

అంటుండగానే ఆ పిల్ల నోరు దానంతట అదే ఆగిపోయింది. తను అన్నదేమిటో దానికే వినిపించింది. మేడం ఏమీ తిట్టలేదు. "ఆ పేరు ఎవలిచ్చిండ్రు? నేనిచ్చిన. చీటీ మీద రాసిచ్చిన. మరి పెట్టె గూడ నేనే తీసిన్నా?" అన్నారు. తర్వాత, మా అందరికీ ఇప్పటికీ గుర్తున్న ఆ మాట చెప్పారు. "సూసింది చెప్పుండ్రి. అనుకున్నది అడుగుండ్రి. రెండూ కలపకుండ్రి."

ఆ రోజు నుంచి ఊరాటలో చీటీలు లేవు, దొంగ లేదు. ఒక గుడ్డసంచిలో చింతగింజలు. చెయ్యి పెట్టి ఒకటి తీసుకుని, చున్నీ చాటున చూసుకోవాలి. గీయనిది వస్తే ఊరు, గీసింది వస్తే తెల్లగింజ. "దొంగలు లేవాలె" కూడా పోయింది. "తెల్లగింజలు కండ్లు తెరవాలె," అనేవారు. "లేవద్దు, లెక్కవెట్టద్దు" అని నా వైపు చూసి కన్ను కొట్టేవారు. అప్పుడు అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. ఈసారి కొంచెం కాదు, నిండుగా.

సరిత ఆ రోజే వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ కంపాస్ పెట్టె మాత్రం ఇప్పటికీ దొరకలేదు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా, "నా పెట్టె ఎక్కడ దాసినవే" అని అలమరలు వెతికినట్టు నటించి, నేను చాయ్ పెట్టేదాకా ఊరుకోదు.

గింజలొచ్చాక ఆట ఎంత బాగుపడిందో ఆడించేవాళ్లకే తెలుస్తుంది. చీటీ విప్పితే చప్పుడవుతుంది, మడత పెట్టే తీరు గుర్తుపడతారు, చదవడం రానివాళ్లు పక్కవాళ్లకు చూపిస్తారు. గింజతో ఆ తిప్పలేవీ లేవు. ఊరు కళ్లు మూసుకోగానే అందరూ రెండు వేళ్లతో అరచేతి మీద కొట్టాలి. తొంభై జతల చేతులు కొడితే అచ్చం వాన పడుతున్నట్టే ఉండేది. ఆ వానలో తెల్లగింజలు కదిలినా, మేడం నడిచినా ఎవరికీ వినపడదు. వేలెత్తి ఎవరినీ చూపకూడదు, అరచెయ్యి చాపి చూపాలి. వేలుకు పొగరెక్కువ అనేవారు. తొంభై మందీ ఒకేసారి మాట్లాడితే సంత అవుతుందని పది మందికొక వాడ చొప్పున విడగొట్టారు. ప్రతి వాడలో ఒకరే మాట్లాడాలి, మలివిడత ఇంకొకరు. అట్లా తొమ్మిది మాటలతో తొంభై మంది మనసులో మాట బయటికి వచ్చేది. నోరు లేనిదాని వంతు కూడా వచ్చి తీరేది. నేను మొదటిసారి నలుగురిలో గొంతెత్తి మాట్లాడింది మా వాడ తరఫునే. "ఎందుకంటే" అని మొదలుపెట్టి, మధ్యలో మర్చిపోయి, మళ్లీ "ఎందుకంటే" అని మొదలుపెట్టాను. మేడం దూలాన్ని చూస్తూ ఓపికగా ఉన్నారు.

ఇక కాకులు. అవి మా కనిపెట్టుడు. ఆటలోంచి పోయిన పిల్లలు ఊరికే కూర్చోలేక గోల చేసేవాళ్లు, లేకపోతే తడుస్తూ గ్రౌండులోకి ఉరికేవాళ్లు. ఒకసారి అట్లా పోయిన సరిత, కోపంతో వసారా పిట్టగోడ ఎక్కి కూర్చుని "కావ్" అంది. మేడం కళ్లు మెరిశాయి. "ఇగ పోయినోళ్లంత కాకులు," అని అక్కడికక్కడే చట్టం చేశారు. ఊరు నిద్రపోతున్నప్పుడు ఎవరి నెత్తి మీద మేడం చెయ్యి పడితే వాళ్లు కాకి. కాకులకు అన్నీ కనిపిస్తాయి, దేన్నీ చెప్పకూడదు. తెల్లారినప్పుడు ఊరిని లేపే పని కాకులది, చేతులు లెక్కపెట్టే పని కాకులది. దాంతో ఏమైందంటే, బతికి ఉండడం కన్నా కాకి కావడమే బాగుందని కొందరు కావాలనే దొరికిపోవడం మొదలుపెట్టారు.

నేను టీచరునై కోదాడ వచ్చాక మొదటి సంవత్సరం బాలల దినోత్సవానికి నూరు మందితో ఊరాట ఆడించబోయాను. మేడం కన్నా గొప్పగా ఆడిద్దామన్న తిక్క. డాక్టరు, జ్యోతిష్కుడు, మంత్రగత్తె, సర్పంచి, పోలీసు, ఇంకా ఏవేవో పెట్టాను. రూల్స్ చెప్పడానికే అర్ధగంట పట్టింది. జ్యోతిష్కుడు నిద్రపోయాడు, అసలు నిద్ర. ఇద్దరు సర్పంచులు తేలారు. మా తోటి టీచరు పక్కకొచ్చి, "ఎందుకండీ ఇంత కష్టం, ఫోన్‌లో యాప్ ఉంటుంది కదా, అదే ఆడించేస్తుందండీ" అంది. నాకు ఒళ్లు మండింది. వసారాలోకి వెళ్లి మేడంకు ఫోన్ చేశాను. అప్పటికి ఆమె రిటైరై మిర్యాలగూడలో చెల్లెలి ఇంట్లో, స్టేషన్ దగ్గర ఉండేవారు. వెనక రైస్ మిల్లు హోరు వినపడుతోంది.

"ఎన్ని వేషాలు వెట్టినవ్?"

"తొమ్మిది మేడం."

"ఆటనా అది, ఎలక్షనా? తెల్లగింజ, ఊరు. గంతే. అది వచ్చినంక ఒకటి కలుపు. అది గూడ వచ్చినంక ఇంకోటి." మళ్లీ అడిగారు. "కాకులున్నయా?"

"మర్చిపోయిన మేడం."

"అగో! పోయినోళ్లకు పని ఇయ్యకుంటే ఉన్నోళ్లను ఆడనియ్యరే పిల్లా."

లోపలికి వెళ్లి అన్నీ చెరిపేసి, మొదటి నుంచి ఆడించాను. యాప్ అన్న ఆ టీచరే మొదటి కాకి అయింది. "కావ్ అండీ" అన్నది ఆవిడేనని మా బడిలో ఇప్పటికీ ఏడిపిస్తాం.

పోయిన వారం మిర్యాలగూడలో మేడం పదకొండో రోజు జరిగింది. సూర్యాపేట నుంచి, పెన్‌పహాడ్ నుంచి, కోదాడ నుంచి పాత విద్యార్థినులం నలభై మంది దాకా పోయాం. ఇల్లు సరిపోక డాబా మీద నిలబడ్డాం. పిట్టగోడ మీద విస్తరాకులో ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టారు. పప్పు, సకినాలు, ఆవకాయ. కాకి రావాలి. రాలేదు. ఎండ ఎక్కుతోంది. పక్కింటి వాటర్ ట్యాంకు మీద ఒక కాకి కూర్చుని ఇటే చూస్తోంది కానీ కదలడం లేదు. చెల్లెలు గారు పరేషానయ్యారు. "ఏం మనసుల వెట్టుకున్నదో మా అక్క. ఎవలన్న ఏమన్న మొక్కుండ్రమ్మా," అన్నారు. ఒకరు చీరలన్నారు, ఒకరు దీపమన్నారు. కాకి కదల్లేదు.

అప్పుడు నా వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. "కావ్."

సరిత. దాని మొహమంతా తడి. నేను దాని చెయ్యి గట్టిగా గిల్లాను. అంతలో ఇంకో మూల నుంచి ఇంకొకరు "కావ్" అన్నారు. తర్వాత ఇంకొకరు. ఇక ఆపేదెవరు? నలభై ఏళ్లు దాటినవాళ్లు, పిల్లల పెళ్లిళ్లు చేసినవాళ్లు, ఒక హెడ్‌మాస్టరమ్మ, ఒక నర్సమ్మ, నలభై మందీ ఆ డాబా మీద కావ్ కావ్ అని అరిచారు. కింద వీధిలో లారీ డ్రైవరు తల బయటపెట్టి పైకి చూశాడు. ట్యాంకు మీది కాకి ఒక్క ఎగురు ఎగిరి విస్తరాకు మీద వాలి, సకినం ముక్క పట్టుకుపోయింది. చెల్లెలు గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వలేక నవ్వారు. "మా అక్క బతికుంటే మీ అందరిని గ్రౌండు చుట్టు ఉరికిస్తుండె," అన్నారు.

వచ్చేటప్పుడు చెల్లెలు గారు మేడం గుడ్డసంచి నా చేతిలో పెట్టారు. బస్సులో ఒళ్లో పెట్టుకుని, హుజూర్‌నగర్ దాటేదాకా ఆ గింజలను వేళ్లతో తడుముతూనే ఉన్నాను. మా అర్రలో గచ్చు మీద గీసినవి కొన్ని ఇంకా అందులో ఉన్నాయి. మా నాయిన రెండోసారి గీసింది ఏదో మాత్రం గుర్తుపట్టలేకపోయాను.

మేడం నాకు ఎన్నిసార్లు కలిసినా, పోయేముందు ఒక్కసారైనా ఆ మాట అనేవారు. "ఆనాడు నేను గూడ నవ్విన గదే." నేను ఎన్ని విధాల చెప్పినా వినేవారు కాదు. "మేడం, ఇప్పుడది నాకు నవ్వులాట" అంటే, "నీకైతది. నాకు కాదు," అనేవారు. ఆమె నిండుగా బతికారు. ఆ ఒక్క ముల్లు మాత్రం ఆమెలో ఉండిపోతుందేమో అని నాకు దిగులుగా ఉండేది. ఉండిపోలేదని ఇప్పుడు నాకు తెలుసు. పోయిన సంవత్సరమే అది పోయింది. అది చెప్పి ఆపేస్తాను.

మా కోదాడ బడి హాల్లో అమ్మానాన్నలతో కలిపి నూట ఇరవై మందికి ఊరాట పెట్టి, మేడంను రమ్మన్నాను. మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చారు, అవే తెల్లబూట్లు. సరిత కూడా సూర్యాపేట నుంచి వచ్చింది. సంచి నాకిచ్చి, "ఇయ్యాల నువ్వాడియ్యి. నేనాడుత," అన్నారు. అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారీ ఆడలేదు. ఊరంతా కళ్లు మూసుకుంటే ఆమె ఒక్కరే కళ్లు తెరుచుకుని మమ్మల్ని చూస్తూ నిలబడ్డారు.

అందరితో పాటు సంచిలో చెయ్యి పెట్టి గింజ తీసుకున్నారు. చూసుకుని గుప్పిట మూశారు. నేను చెప్పులు విప్పి, పైకి చూసి, "ఊరు పండుకున్నది" అన్నాను. నూట ఇరవై మంది అరచేతుల మీద వాన మొదలైంది. "తెల్లగింజలు కండ్లు తెరవాలె," అన్నాను.

మేడం కళ్లు తెరిచారు. తెరిచి ఊరుకోలేదు. మోకాలు పట్టుకుని మెల్లగా లేచారు. కూర్చున్నవాళ్ల మధ్యలోంచి, కాళ్లు తగలకుండా ఒక్కో అడుగు వేసుకుంటూ గోడ దాకా వెళ్లారు. గోడకు మోచెయ్యి ఆనించి అందులో మొహం దాచుకున్నారు. "ఒకటీ... రెండూ..." అన్నారు, గ్రౌండులో వినిపించే ఆ గొంతుతోనే.

వాన ఆగిపోయింది. అందరూ కళ్లు తెరిచారు. ఎవరో కిసుక్కుమన్నారు. డెబ్బై దాటిన ముసలామె గోడకు మొహం పెట్టి నిలబడితే నవ్వు రాదా? నవ్వు హాలంతా పాకింది. ఆమె నవ్వనిచ్చారు. "ఐదూ... ఆరూ..." సరిత నా చెయ్యి పట్టుకుంది. "ఏడూ," అని మేడం అక్కడ ఒక్క క్షణం ఆగారు.

ఆ తర్వాత ఇంకా గట్టిగా, "ఎనిమిదీ!" అన్నారు.

ఆ లెక్క వినగానే మా బడి చిన్నపిల్లలకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. తెల్లగింజా లేదు, ఊరూ లేదు. ఒక్కసారిగా లేచి బెంచీల కింద, తలుపుల వెనక, అమ్మల కొంగుల్లో దూరిపోయారు. పెద్దవాళ్లు కూడా కొందరు ఆగలేక ఉరికారు. చూస్తుండగానే హాలంతా ఖాళీ అయింది. నేను ఎక్కడ దాక్కోవాలో తోచక స్తంభం చాటుకు పోయి, అక్కడి నుంచి చూస్తున్నాను. మేడం తెల్లబూట్ల మీద ముందుకూ వెనక్కీ కొంచెం ఊగుతూ, మోచేతిలోంచి మొహం తియ్యకుండా, భుజాలు కదిలేంత నవ్వును లోపలే ఆపుకుంటూ, "తొమ్మిదీ... పదీ... పదకొండూ..." అని లెక్కపెడుతూనే ఉన్నారు.